రెండుసార్లు జరిగిన కందికొత్తల పండగ

ఇరవై ఆరేళ్ళు కొండలెక్కి దిగినవాణ్ణి ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో మా ఆవిడ సుగుణని అడగండి. బొబ్బిలిలో మా ఇల్లు వీధి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా నలభై రెండు అడుగులు. రోజూ ఆ నలభై రెండు అడుగుల్లోనే సాలూరు వెళ్ళి వచ్చినంత దూరం నడుస్తున్నాను. గచ్చు అరిగిపోయింది. మా పిల్లి ఈ నడక చూడలేక పక్కింటికి కాపురం మార్చేసింది.

"సెప్పులేసుకుని ఎక్కడికి?" అంటుంది సుగుణ.

"ఎక్కడికీ లేదు."

"ఎక్కడికీ లేనిదానికి సెప్పులెందుకు?"

నాకు యాభై నాలుగేళ్ళు. మోకాళ్ళకి మాత్రం డెబ్బై అని డాక్టరు తేల్చాడు. అందుకని టూరిస్టు గైడు పని మానేశాను. మానేసింది నేనే, కాళ్ళకి ఆ సంగతి ఇంకా తెలీదు.

మా మేనకోడలు జ్యోతి ఈ ఏడే గైడుగా చేరింది. మొన్న వచ్చి, "మావా, జనాన్ని కొండమీదకి తీసుకెళ్ళాలంటే ఏటేటి తెలియాల?" అని అడిగింది. మూడు గంటలు ఆపకుండా చెప్పాను. అంతా విని, "ఇందులో నిజమెంత మావా?" అంది. ఆ ఒక్క ప్రశ్నకి జవాబుగానే ఇది రాస్తున్నాను. కాస్త వంటింటి గట్టు మీద, కాస్త డాబా మీద, కాస్త బస్సు కాంప్లెక్సులో సిమెంటు బల్ల మీద రాశాను, ఒక్కచోట కుదురు లేదు కాబట్టి. ఎక్కడైనా మరీ ఎక్కువనిపిస్తే సగానికి తగ్గించి చదువుకోండి. కందికొత్తల సంగతి వచ్చినప్పుడు మాత్రం తగ్గించకండి. అది ఉన్నంతే రాశాను.

తెలీదని చెప్పకు

నేను పని నేర్చుకున్నది విజయనగరంలో రామలింగంగారి దగ్గర. ఆయనకి స్టేషను దగ్గర ఒక గది, ఒక టేబులు ఫ్యాను, రెండు జీపులు ఉండేవి. కొండల మీద ఆయన రాసిన కరపత్రాలు చదివితే కళ్ళు చెమర్చేవి. జలపాతం తుంపర మొహం మీద పడినట్టే ఉండేది. ఆయన మాత్రం జన్మలో సాలూరు దాటి పైకి వెళ్ళలేదు. ఘాటు రోడ్డు మొదటి మలుపులోనే కడుపులో తిప్పేది. ఆ మొదటి మలుపునే పధ్నాలుగు రకాలుగా వర్ణించి జిల్లా అంతా అమ్మేశాడు.

మొదటి రోజు నాకు ఒకే సూత్రం చెప్పాడు. "సుందరం, టూరిస్టు ఏదడిగినా తెలీదని సెప్పకు. తెలీదన్నావంటే ఆ కొండకి విలువ పడిపోతాది."

ఈ సూత్రానికి నాకన్నా తగిన శిష్యుడు దొరకడు. మాది బాప్టిస్టు కుటుంబం. చిన్నప్పుడు చర్చిలో సాక్ష్యం చెప్పమంటే నలభై నిమిషాలు చెప్పేవాణ్ణి. పన్నెండేళ్ళవాడికి అన్ని పాపాలు ఎలా కుదిరాయో సంఘానికి అంతుపట్టేది కాదు. ఆ తర్వాతే మా పాస్టరుగారు ఒక్కొక్కరికి మూడు నిమిషాలని గడియారం పెట్టారు.

అలాంటి నా చేతికి రామలింగంగారు కొండలన్నీ అప్పజెప్పాడు. ఓ జట్టువాళ్ళు దారిలో ఒక గుట్టని చూపించి పేరేంటని అడిగారు. నాకు తెలీదు. "ఏనుగు పడుకున్న కొండ" అన్నాను. ఆ ఏనుగు ఎవరిదో, ఎందుకు పడుకుందో, ఎన్నేళ్ళకి లేస్తుందో కూడా చెప్పాను. నాలుగేళ్ళు చెప్పాక, ఒకరోజు జీపులో వెనక కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "బాబూ, మాది ఆ కిందనున్న ఊరే. దాన్ని మేము మెట్ట అంటాం. వట్టి మెట్టే."

జీపంతా నవ్వింది. నాకు సిగ్గేసిందని రాస్తే అబద్ధం. మర్నాటి నుంచి ఆ ఏనుగుని ఇంకో గుట్ట మీద పడుకోబెట్టాను.

జ్యోతీ, రామలింగంగారు మంచివాడే. జీతం ఆపలేదు, జ్వరమొస్తే ఇంటికొచ్చి చూశాడు. కానీ నాకు నేర్పిన మొదటి పాఠం తప్పు పాఠం. తెలీదన్న గైడు మీద మనుషులకి కోపం రాదు. పైగా వాళ్ళే జీపు దిగి ఊళ్ళో ఎవరినో అడుగుతారు, ఆ ఊరి మనిషి చెబుతాడు. ఆ రెండు నిమిషాల కోసమే వాళ్ళు అంత దూరం వస్తారు. ఈ ముక్క నాకు అర్థం కావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

వాచీ

ఇంకో తప్పు చిన్నది, తొందరగా చెప్పేస్తాను. ఒక ఊళ్ళో ఆడవాళ్ళు థింసా ఆడుతున్నారు. ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని, తుడుం డప్పు దెబ్బకి అడుగు వేస్తూ వరసంతా పాములా తిరుగుతోంది. నాతో వచ్చినవాళ్ళలో పెద్ద కెమెరా ఉన్నాయన మొహం చిట్లించాడు. ఆ చివరి అమ్మాయి చేతికి వాచీ ఉంది, ఫోటో పాడవుతోంది, తీయించమన్నాడు. నేను వెళ్ళి అడిగాను.

ఆ అమ్మాయి అడుగు తప్పకుండానే నన్ను ఎగాదిగా చూసింది. "నీ సేతికున్నాది కదా. ముందు నువ్వు తియ్యి."

తీశాను. తను తియ్యలేదు. ఆ సాయంత్రమంతా టైమెంతయిందో ఆ అమ్మాయినే అడగాల్సి వచ్చింది. అడిగినప్పుడల్లా ఒక పావుగంట ఎక్కువ చెప్పిందని నా అనుమానం.

మనం పండగ చూడ్డానికి వెళ్ళినవాళ్ళం. పండగ మన కోసం రాలేదు. ఈ మాట ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, దాన్ని నాకు కందులు నేర్పాయి.

తేదీ లేని పండగ

పైన ఒక జాతాపు గిరిజనుల ఊరు ఉంది. నేరేడుగూడ అని పిలుస్తాను, అసలు పేరు చెప్పను. ముప్పై గడప ఉంటుంది. జీపు ఆగే చోటు నుంచి గంటన్నర నడక. రోగం వస్తే మనిషిని డోలీ కట్టి మోసుకుంటూ దిగాలి. వాళ్ళు పోడు చేలల్లో కంది వేస్తారు. శీతాకాలంలో కాయ పండినా ఎవరూ నోట్లో వేసుకోరు, సంతకి తేరు. ముందు కందికొత్తల పండగ జరగాలి.

పండగ ఎప్పుడో క్యాలెండరులో ఉండదు. ఆ ఊరి పూజారిని ఎజ్జోడు అంటారు. అప్పట్లో సింగన్న తాత. ఆయన పొద్దున్నే లేచి ఒక్కొక్కరి చేనుకీ వెళ్ళి, కంది కొమ్మ పట్టుకుని ఊపి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. గింజ గలగలమంటే ఆ చేను పండినట్టు. ముప్పై గడపల చేలూ గలగలమన్న రోజున, రేపు కొత్తలు అని చాటింపు వేయిస్తాడు. ప్రతి ఇంటి నుంచి ఒక గుప్పెడు కందులు తెచ్చి ఊరి అమ్మవారి రాయి ముందు ఒకే కుండలో పోస్తారు. ఉడికాక అడ్డాకు దొప్పల్లో అందరూ తింటారు. ఎవరి గుప్పెడైతే కుండలో పడలేదో ఆ ఇంటివాళ్ళు ఆ ఏడు వాళ్ళ కందులు కొయ్యకూడదు, తినకూడదు, అమ్మకూడదు. అందుకే ఊరంతా ఆఖరి చేను కోసం ఆగుతుంది.

అన్ని ఊళ్ళలోనూ ఇలాగే ఉంటుందని అనుకోకండి. ఒక కొండకీ పక్క కొండకీ తేడా ఉంటుంది. ఆ ఊళ్ళో అది.

రామలింగంగారికి ఇదంతా చెబితే అయిదు నిమిషాలు ఫ్యాను వంక చూశాడు. "తేదీ లేకండా టూరెలగ అమ్ముతాం సుందరం?" ఏటా నేను ఒక అంచనా చెప్పేవాణ్ణి, ఆయన అచ్చు వేసేవాడు. కొన్నేళ్ళు అంచనా తగిలింది, కొన్నేళ్ళు తగల్లేదు. తగలనప్పుడు ఏనుగు కథతో నెట్టుకొచ్చేవాణ్ణి.

ఇంజినీరు

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. కరపత్రంలో ఆదివారం అని పడింది. పదకొండు మంది వస్తున్నారు. విశాఖ నుంచి బ్యాంకువాళ్ళు నలుగురు, విజయనగరం నుంచి ఒక జంట, వాళ్ళతో భర్త తల్లి, శ్రీకాకుళం కాలేజీ లెక్చరర్లు ఇద్దరు, రామతీర్థం నుంచి రాజ్యలక్ష్మిగారని రిటైరైన టీచరమ్మ, కోటబొమ్మాళిలో సిమెంటు, ఇనుము దుకాణం ఉన్న అప్పలసూరిగారు.

గురువారం నేను ముందుగా పైకి వెళ్ళాను. ఇరవై తొమ్మిది చేలు పండాయి. ఒక్క సుక్కమ్మ చేను పచ్చిగా ఉంది. సుక్కమ్మ ఒంటరి మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. ఆ ఏడు విత్తనాల రోజుల్లో జ్వరంతో పడుకుని నెల్లాళ్ళు ఆలస్యంగా చల్లింది. పైగా చేను కొండకి నీడ వైపు. మొదటిసారి ఆ ఊరు వెళ్ళినప్పుడు కాలికి జలగ పడితే ఉప్పు రాసి తీసింది ఆవిడే. అప్పటి నుంచి నన్ను గైడు అల్లుడూ అని పిలుస్తుంది.

సింగన్న తాత తేల్చేశాడు. "ఇంకా పదిరోజులు పడతాది."

"ఆదివారం జనం వస్తన్నారు తాతా."

"రానీ. కొండ సూస్తారు, కల్లు తాగుతారు, పోతారు. పండగ మాత్రం అవదు."

అక్కడ ఊరుకుని ఉంటే ఈ రాత లేదు. కాళ్ళు కాలిన పిల్లిలా ఊరి రచ్చబండ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. "తాతా, వచ్చేవాళ్ళలో ఒక పెద్ద ఇంజినీరుగారున్నారు. రోడ్లేసే ఇంజినీరు. పండగ సూసి మనసు కరిగితే మీ ఊరికి రోడ్డు వస్తాది."

అప్పలసూరిగారు సిమెంటు అమ్ముతారు. రోడ్డుకీ సిమెంటుకీ ఏదో సంబంధం లేకపోలేదు కదా అని లోపల సర్దుకున్నాను.

రచ్చ మీద ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. వాళ్ళలో ఎవరెవరిని డోలీలో మోశారో, ఎవరు దారిలోనే పోయారో నాకు తెలుసు. తెలిసే అన్నాను. సింగన్న తాత సుక్కమ్మ వైపు చూశాడు. అందరూ చూశారు.

సుక్కమ్మ కొంగు నడుముకి దోపుకుంది. "రోడ్డు వస్తే మంచిదే కదా. కానీండి" అని లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం పండగ అద్భుతంగా జరిగింది. నా మాటల్లో చెప్పాలంటే ఏడు కొండలు ఊగాయి. అప్పలసూరిగారి మెడలో అంతెత్తు బంతిపూల దండ వేశారు. ముసలీముతకా ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏదో మర్యాద అనుకుని పాపం ఆయన అందరికీ తలూపాడు. "బాబూ, వస్తాది కదా?" అంటే, "ఆ, వస్తాది, వస్తాది" అన్నాడు, వచ్చేది వంటకం కాబోలు అనుకుని.

సుక్కమ్మ ఓ మూల కూర్చుని అడ్డాకు దొప్పలు కుట్టి అందరికీ అందించింది. తను తినలేదు. రాజ్యలక్ష్మిగారికి టీచరు కళ్ళు.

"ఆవిడ తినడం లేదేం?"

"ఉపవాసమండి" అన్నాను.

సంత

రెండో వారం సాలూరు సంతలో నేరేడుగూడ వాళ్ళు కనిపించారు. అందరి ముందూ కొత్త కందుల మూటలు. సుక్కమ్మ ముందు మాత్రం నాలుగు కొండచీపుర్లు.

"నీ కందులేవి అత్తా?"

"సేన్లోనే ఉన్నాయి అల్లుడూ. పండేయి. బాగా పండేయి ఈయేడు." కొండచీపురు ఒకటి తీసి దుమ్ము దులిపింది. "కొయ్యకూడదు కదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఆవిడకి ఏడాదికి ఉన్నది ఆ ఒక్క పంట. ఆ పూట సంతలో నేను ఎన్ని చుట్లు తిరిగానో, ఏ దుకాణం ముందు ఎందుకు నిలబడ్డానో గుర్తులేదు. అటునుంచి అటే జీపు ఎక్కి పైకి పోయాను.

సింగన్న తాత చుట్ట చుట్టుకుంటున్నాడు. సుక్కమ్మకి దారేమైనా ఉందా అని అడిగాను.

"ఉంది. ఒక కుండలో తిన్నోళ్ళందరిదీ ఒకటే పండగ. ఆ పండగ సగవే అయింది. సుక్కమ్మ గుప్పెడు పోసి ఇంకో కుండ పెట్టాల. మొదటి కుండలో తిన్నోళ్ళందరూ మళ్ళీ వచ్చి తినాల. ఒక్కడు తగ్గినా అవదు."

"మీ ఊరోళ్ళు తింటారు కదా. అదేటంత పని?"

ఆయన చుట్ట వెలిగించుకుని నా వైపు పొగ వదిలాడు. "నీ పదకొండు మందీ?"

అమావాస్యకి పన్నెండు రోజులుంది. అది దాటితే ఎండకి కాయలు చెట్టు మీదే పగిలి గింజంతా నేల రాలిపోతుంది. పన్నెండు రోజుల్లో పదకొండు మంది.

వేట

రామలింగంగారు వినగానే లేచి ఫ్యాను ఆపేశాడు. అది ఆయన కోపం. "సూసేసిన పండగకి మళ్ళీ జనాన్ని తోలుకెళ్తావా? జీపు ఇవ్వను."

మా బావమరిది కోళ్ళ వ్యాను అడిగి తీసుకున్నాను. కడిగాం. ఆరుసార్లు కడిగాం. ఆ తర్వాత కూడా ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు ఒళ్ళు దులుపుకునేవారు.

మొదట రామతీర్థం వెళ్ళాను. రాజ్యలక్ష్మిగారు వరండాలో కళ్ళజోడు సర్దుకుని అంతా విన్నారు. "ఉపవాసం అన్నావు."

"అన్నానండి."

"చెవి దగ్గరకి తీసుకురా" అన్నారు. నాకు అప్పటికి నలభై ఆరేళ్ళు. తీసుకెళ్ళాను. మెలిపెట్టారు. తర్వాత నా జాబితా లాక్కుని తనే ఫోన్లు చెయ్యడం మొదలెట్టారు. ఆవిడ గొంతుకి విశాఖ బ్యాంకువాళ్ళు సెలవు అడగలేదు, తీసేసుకున్నారు. లెక్చరర్లు క్లాసులు మార్చుకున్నారు. విజయనగరం పెద్దావిడ, "ఆ కందులు బాగున్నాయమ్మా, నేను మళ్ళీ వస్తాను" అని కొడుకునీ కోడల్నీ బయల్దేరదీసింది. అయిదు రోజుల్లో పది మంది కుదిరారు.

మిగిలింది అప్పలసూరిగారు. కోటబొమ్మాళిలో ఆయన దుకాణం ముందు సిమెంటు బస్తాల మీద నేను మూడు రోజులు కూర్చున్నాను. కూర్చున్నానన్నది మర్యాదకి, నిజానికి బస్తాల చుట్టూ తిరిగాను.

మొదటి రోజు అమ్మవారికి కోపం వస్తుందన్నాను. "నాకు తెలిసిన అమ్మవార్లు శానామంది ఉన్నారు, నాను సూసుకుంటాను" అన్నాడు. రెండోరోజు పత్రికలవాళ్ళు వస్తారని, ఫోటో వేస్తారని చెప్పాను. తూకం రాయి తీసి బల్ల మీద పెట్టాడు, గట్టిగా. మూడోరోజు నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పెంచడానికి అసలేదైనా ఉండాలి కదా.

"రోడ్డు వస్తాదని మిమ్మల్ని ఇంజినీరన్నాను బాబూ. ఆ ఆశకి పండగ ముందే పెట్టేసుకున్నారు. ఒక ముసలామె చేను అప్పటికి పండలేదు, ఇప్పుడు పండినా కొయ్యకూడదు. మీరు వచ్చి తినకపోతే ఆవిడ పంట నేలపాలు."

అప్పలసూరిగారు బల్ల మీది తూకం రాయి పక్కకి జరిపాడు. "ఆ దండ అందుకేనా ఏసింది?"

"అందుకే."

"నాను వస్తాది, వస్తాది అన్నాను."

"అన్నారు."

"ఒరే, ఒక ముసిలాయన నా సెయ్యి పట్టుకుని ఏడిసేడు. కల్లు ఎక్కువైందనుకున్నాను." కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచాడు. "ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు? మళ్ళీ అడుగుతారు. నానేటి సెప్పాల?"

"నేను సెప్తాను."

"నువ్వు సెప్పకు. నువ్వు సెప్తే ఈసారి నన్ను మంత్రిని సేస్తావు." వచ్చి నా ఎదుట బస్తా మీద కూర్చున్నాడు. "మాదీ వ్యవసాయమే. ఈ దుకాణం నిన్నగాక మొన్నటిది. కుప్ప మీద వాన పడితే మా అమ్మ రెండ్రోజులు అన్నం ముట్టేది కాదు. సేను పండి కొయ్యలేకపోడమంటే... వస్తాను. ఒకటి. నాను ఆ ఊళ్ళో కాలు పెట్టకముందే, అందరి ముందూ, నాను ఇంజినీరు కాదని నువ్వు సెప్పాల. వంకర లేకండా."

ఒప్పుకున్నాను.

అందరి ముందూ

అమావాస్యకి రెండు రోజుల ముందు పదకొండు మందీ కొండెక్కారు. విజయనగరం పెద్దావిడని కొంత దూరం డోలీలో మోశారు, ఆ ఊరివాళ్ళే. ఊరి గట్టు దగ్గర అప్పలసూరిగారు ఆగిపోయి, ఒక రాయి మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు. పొమ్మని నాకు చేత్తో సైగ చేశాడు.

ఊరంతా రచ్చ దగ్గర ఉంది. కొత్త కుండ ఉంది. సుక్కమ్మ గుప్పెడు కందులు పట్టుకుని నిలబడి ఉంది. ఈ నోటితో నేను వందలమందిని కొండలు ఎక్కించాను, లేని ఏనుగుల్ని పడుకోబెట్టాను. ఆ పూట నాలుగు ముక్కలే వచ్చాయి.

"ఆయన ఇంజినీరు కాదు. సిమెంటు అమ్ముతారు. ఆయనకేటీ తెల్దు. నానే అబద్ధమాడేను."

అంతకు మూడేళ్ళ ముందు కూతుర్ని డోలీలో దింపుతుంటే దారిలో పోగొట్టుకున్న ఒకావిడ ముందుకొచ్చింది. "అయితే రోడ్డు రాదా?"

"రాదు."

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను చెప్పిన అతి చిన్న మాట అది. ఆవిడ తల ఊపి వెనక్కి వెళ్ళి నిలబడింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండునని ఈ రోజుకీ అనిపిస్తుంది. డాబా మీద నడిచేటప్పుడు ఆ తల ఊపడం గుర్తొస్తే ఇంకో పది చుట్లు ఎక్కువ నడుస్తాను. ఆ రోడ్డు ఇప్పటికీ సగం దూరమే వచ్చింది.

సింగన్న తాత గొంతు సవరించుకున్నాడు. "ఆ సిమెంటు బాబుని పిలవండి. కుండ పెట్టాల."

సుక్కమ్మ గుప్పెడు కుండలో పడింది. ఉడికింది. సింగన్న తాత పేరుపేరునా పిలిచి దొప్ప అందించాడు. ఊరివాళ్ళు తిన్నారు, నా పదకొండు మందీ తిన్నారు. అప్పలసూరిగారు దొప్ప అంచు కూడా నాకేశాడు. సుక్కమ్మ ఆఖర్న తింది, నిలబడే, నాలుగు మెతుకుల్లా నాలుగు గింజలు నోట్లో వేసుకుని. వేసుకుని కొడవలి కోసం చుట్టూ చూసింది.

నేను కూడా చెయ్యి చాపాను. సింగన్న తాత దొప్ప ఇవ్వబోయి ఆగాడు. "మొదటి కుండలో నువ్వు తిన్నావా?"

తిన్నానంటే అయిపోయేది. ఎవరూ చూసి ఉండరు. "లేదు తాతా. మాట్లాడతా ఉన్నాను."

"అయితే నీకు లేదు" అని ఆ దొప్ప పక్కన పెట్టేశాడు. ఆ ఊరి కందికొత్తలకి అప్పటికి పదకొండేళ్ళుగా వెళ్తున్నాను. ప్రతిసారీ దొప్పలు పంచే వేళకి జనానికి దాని గురించి వివరిస్తూ ఉండేవాణ్ణి. అంతవరకు ఒక్కసారైనా తినలేదని నాకే అప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నం పదకొండు మందీ సుక్కమ్మ చేనులో కంది కోశారు. బ్యాంకువాళ్ళ చేతులు బొబ్బలెక్కాయి. రాజ్యలక్ష్మిగారు గట్టు మీద నిలబడి ఎవరు ఎలా కొయ్యాలో చెప్పారు, ఆవిడకి కంది కొయ్యడం రాకపోయినా. తరవాతి సంతలో సుక్కమ్మ ముందు మూట ఉంది.

తొమ్మిది రోజులు

అక్కడి నుంచి రామలింగంగారి దగ్గర మానేసి సొంతంగా చేసుకున్నాను. పండగలకి తేదీ వెయ్యడం మానేశాను. వచ్చే నెలలో ఎప్పుడో కబురొస్తుంది, వస్తే మర్నాడు బయల్దేరాలి, రాలేమంటే లేదు అని చెప్పేవాణ్ణి. సగంమంది జారిపోయారు. మిగిలిన సగమే మళ్ళీమళ్ళీ వచ్చారు. జ్యోతీ, నీ ఆఫీసువాళ్ళు తేదీ అడుగుతారు, తప్పదు. కొండకి, అడవికి, జలపాతానికి ఎన్ని తేదీలైనా ఇచ్చుకో. ఆ ఊళ్ళ పండగకి మాత్రం ఇవ్వకు. తేదీ ఇస్తే దాన్ని నిజం చెయ్యడానికి నువ్వు ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. అన్నదాని కింద ఎవరి చేను ఉందో నీకు కనపడదు. నాకు కనపడింది, అయినా అన్నాను.

మరుసటి ఏడు నేరేడుగూడకి ఒక్కణ్ణే వెళ్ళాను. వెంట జట్టు లేదు, వివరించడానికి ఎవరూ లేరు. ఇరవై తొమ్మిది చేలు పండాయి, సుక్కమ్మది మళ్ళీ ఆఖరు. నీడ వైపు కదా. ఊరంతా తన పని తను చేసుకుంటూ ఆగింది. నేను ఆగలేకపోయాను. తొమ్మిది రోజులు ఆ గట్ల మీద తిరిగాను. గంటకోసారి ఆ చేనుకి వెళ్ళి, ఒక కొమ్మ పట్టుకుని ఊపి, చెవి పెట్టి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వెళ్ళేవాణ్ణి.

తొమ్మిదో రోజు సుక్కమ్మ గట్టు మీద దొప్పలు కుడుతోంది. తలెత్తకుండానే అంది.

"నువ్వు ఊపితే పండవు అల్లుడూ. కూసో."

కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో రాయను. రాస్తే పెంచేస్తాను.